పిల్ల చదువు వినే ఫోను

2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో కరోనా వల్ల మూసిన బడులు తెరవకుండానే పాఠాలు మొదలయ్యాయి. దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ ఛానెళ్లలో మూడో తరగతి నుంచి పైవాళ్లకు టైమ్‌టేబుల్ ప్రకారం పాఠాలు వచ్చాయి. ఒకటి, రెండు తరగతులకు అవీ లేవు. ఆ ఏడు ఒకటో తరగతి రిజిస్టరులో పేరు ఎక్కిన పిల్లలు, మరుసటి సెప్టెంబర్‌లో బడులు తెరిచాక రెండో తరగతి పిల్లలుగా మొదటిసారి గదిలోకి వచ్చారు. అక్షరాలు కొన్ని తెలుసు, గుణింతం తెలియదు, వాచకం మాత్రం రెండో తరగతిది. వాళ్లకు చదవడం నేర్పుతూ అలవాటు చేసుకున్న పద్ధతి గురించే ఈ వారం రాస్తున్నాను. దానికి కావలసింది ఫోన్లో ఉండే వాయిస్ రికార్డర్ ఒక్కటే.

పిల్ల నాలుగైదు వాక్యాలు చదువుతుంది, నేను రికార్డు చేస్తాను. వెంటనే పుస్తకం తెరిపించి, అక్షరాల కింద వేలు పెట్టించి, తన చదువు తనకే వినిపిస్తాను. కొత్తగా చదివే పిల్ల శక్తంతా అక్షరాన్ని పోల్చుకోవడానికే పోతుంది. నోటి నుంచి ఏం వచ్చిందో చెవికి ఎక్కదు. ‘చెట్టు’ను ‘చెటు’ అని దాటిపోతుంది, ‘పాలు’ను ‘పలు’ అంటుంది. రికార్డు వింటున్నప్పుడు మాత్రం కన్ను అక్షరం మీద, చెవి గొంతు మీద ఉంటాయి. రెండూ కలవని చోట వేలు ఆగుతుంది. ‘టీచర్, ఒత్తు ఇడిసిపెట్టిన’ అంటుంది. నేను పది సార్లు దిద్దిన ఒత్తు కంటే తను ఒకసారి పట్టుకున్న ఒత్తు గట్టిగా నిలుస్తుంది.

రికార్డులు మళ్లీ మళ్లీ వింటే తప్పుల్లో రకాలు తెలుస్తాయి. ‘ఆవు వచ్చింది’ అని ఉన్నచోట ‘ఆవు వస్తుంది’ అని చదివే పిల్ల అక్షరం తప్పినా అర్థం పట్టుకుంది. ఆమెను ఆపి గద్దించనక్కర్లేదు, వాక్యం చివరి దాకా కన్ను పోనిస్తే చాలు. ‘వచ్చింది’ని ‘వ’, ‘చి’, ‘ది’ అని కూడబలుక్కునే పిల్లకు మళ్లీ ఒత్తుల దగ్గర నుంచి మొదలుపెట్టాలి. గదిలో ఇరవై గొంతులు ఒక్కసారి వినపడుతుంటే ఈ తేడా తెలియదు. సాయంత్రం నిదానంగా విన్నప్పుడు తెలుస్తుంది.

అసలు నోరే తెరవని పిల్లలు ఉంటారు. వాళ్లకు ముందు పుస్తకం ఇవ్వను. ఇంటి దగ్గర ఏం జరిగిందో చెప్పమంటాను. ‘రాత్రి మా బర్రె ఈనింది, దూడకు నొసట తెల్లమచ్చ ఉంది’ అంటాడు ఒకడు. రికార్డు చేసి, వాడు అన్నది అన్నట్టే బోర్డు మీద రాస్తాను. భాషను దిద్దను. అప్పుడు వాడి గొంతు వినిపిస్తూ ఆ రాత మీద వేలు నడిపిస్తే, అక్షరాలు సగమే వచ్చినవాడు కూడా ఆ వాక్యాలు చదివేస్తాడు, ఎందుకంటే అవి వాడివే. ఆ రోజు నుంచి చదవడం అంటే వాడికి భయం తగ్గుతుంది. నా ఉద్యోగంలో నాకు ఇంత సంతోషమిచ్చేది మరొకటి లేదు.

వాచకంతో ఒక చిక్కుంది. పాఠం నాలుగు సార్లు వినేసరికి పిల్లలకు కంఠతా వచ్చేస్తుంది, పుస్తకం మూసినా చదివేస్తారు. చూడని కథ కావాలి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసుకోవచ్చు. నాకు ఇంటర్నెట్ ఎక్కువగా ఉపయోగపడేది అక్కడే. గూగుల్ 2019లో ‘బోలో’ పేరుతో తెచ్చి, తర్వాత ‘రీడ్ అలాంగ్’గా మార్చిన యాప్ కూడా పిల్ల పైకి చదువుతుంటే వినేలా చేసిందే. సాధనకు అది మంచిది. కానీ ‘ఆ దూడకు నువ్వయితే ఏం పేరు పెడతావు?’ అని అడగడానికి పక్కన మనిషి ఉండాలి.

బడికి తెర రావడం కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంలో ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున పూట బడి పిల్లల కోసం ఇరవై రెండున్నర నిమిషాల కార్యక్రమం వచ్చేది. గొప్ప ప్రయత్నమే. అయితే పిల్ల ఎక్కడ ఆగిందో ఆ పెట్టెకు తెలిసే దారి లేదు. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే వీడియోకూ అంతే. చూపించాల్సినవి ఉన్నాయి, సముద్రం, అగ్నిపర్వతం లాంటివి. వాటికి వీడియో కావాలి. చదవడం మాత్రం చూస్తే వచ్చేది కాదు.

ఇంటి సంగతికొస్తే, ‘ఫోన్ ఇస్తె వీడియోలే చూస్తది మేడం’ అని తల్లులు చెప్పేది నిజమే. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోనూ తండ్రితో పాటు పొద్దుపోయాకే ఇల్లు చేరుతుంది. అందుకే నేను అడిగేది చిన్నది: అన్నాలయ్యాక ఒక పేజీ, ఒక రికార్డు. దానికి నెట్ అక్కర్లేదు. నెట్ ఉంటే వాట్సాప్‌లో నాకొక్కదానికే పంపమంటాను. గ్రూపులో వేస్తే ఎవరి పిల్ల బాగా చదివిందనే పోలిక మొదలై, వెనకబడ్డ పిల్ల నోరు మూసేసుకుంటుంది. ఫోను లేని ఇళ్ల పిల్లలు మధ్యాహ్న భోజనం తర్వాత నా దగ్గరే చదువుతారు. ఫోను ఉంటేనే అయ్యే ఇంటిపని ప్రాథమిక బడిలో ఎవరూ ఇవ్వకూడదు.

చదువు రాని నాయనమ్మ కూడా ఈ పని చేయించగలదు. విని, ‘తర్వాత ఏమైంది బిడ్డా?’ అంటే చాలు. జూన్‌లో చదివినదీ డిసెంబర్‌లో చదివినదీ వెంటవెంటనే వినిపిస్తే, ప్రోగ్రెస్ కార్డు చదవలేని ఆమెకు కూడా మనవరాలు ఎంత ముందుకొచ్చిందో తెలుస్తుంది. ఆ గొంతులు ఇంటివాళ్లవి. ఏడాది చివర వాళ్లకు ఇచ్చేసి నా ఫోన్లోంచి తీసేస్తాను. తోటి టీచర్లను కోరేది ఒకటే, పిల్లలు తడబడుతూ చదివినవి స్టేటస్‌లలో పెట్టకండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఈ రాత్రి ఫోను పిల్ల చేతికిచ్చే ముందు, పక్కన కూర్చుని ఒక పేజీ చదివించండి. రికార్డు చేసి ఇద్దరూ వినండి. తప్పు వినపడినా మీరు చెప్పకండి, తనే చెప్పేదాకా ఆగండి.