పూర్తికాని వాక్యం: తప్పిపోయిన కుమారుని కథలో క్రైస్తవ విశ్వాస కేంద్రం

ప్రస్తావన

క్రైస్తవ విశ్వాసానికి కేంద్రమేది అన్న ప్రశ్నకు ఆ సంప్రదాయంలో రెండు ప్రధానమైన సమాధానాలు వినిపిస్తాయి. మొదటిది పౌలుది. క్రీ.శ. 50ల మధ్యకాలంలో కొరింథులోని సంఘానికి రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో, తాను పరంపరగా అందుకొని వారికి అందించిన ముఖ్య విషయాన్ని అతడు పేర్కొన్నాడు. క్రీస్తు మన పాపాల నిమిత్తం మరణించడం, సమాధి చేయబడడం, మూడవ దినాన లేపబడడం అందులోని అంశాలు. రెండవ సమాధానాన్ని ఆధునిక కాలంలో ప్రబలంగా వినిపించినవాడు జర్మన్ చరిత్రకారుడు అడాల్ఫ్ ఫాన్ హార్నాక్. 1899-1900 శీతకాలంలో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన ఉపన్యాసాలు క్రైస్తవ ధర్మసారం గురించిన గ్రంథంగా 1900లో వెలువడ్డాయి. యేసు బోధించిన సువార్తలో ముఖ్యస్థానం తండ్రియైన దేవునిదే గాని కుమారునిది కాదని ఆయన వాదించారు. సిలువ, పునరుత్థానాలు కేంద్రమని ఒక పక్షం, తండ్రి ప్రేమ కేంద్రమని మరొక పక్షం తలపడిన ఈ చర్చ నేటికీ ముగియలేదు.

ఈ చర్చకు పరీక్షాస్థలం లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని కథ. అందులో తండ్రి ఉన్నాడు, తప్పు చేసిన కొడుకు ఉన్నాడు, క్షమ ఉంది. సిలువ లేదు, మధ్యవర్తి లేడు, బలి లేదు. హార్నాక్ పక్షానికి ఇంతకన్న బలమైన ఆధారం ఉండదనిపిస్తుంది. అయితే కథానిర్మాణాన్ని దగ్గరగా పరిశీలిస్తే ఇందులో క్షమ ఉచితంగా లభించిందే తప్ప ఖర్చు లేకుండా లభించలేదని తెలుస్తుంది. ఆ ఖర్చు ఎవరిమీద పడింది అన్నదే కథలోని అసలు ప్రశ్న.

కూలి భాష, కొడుకు భాష

చిన్న కుమారుడు తన వంతు ఆస్తి అడుగుతాడు. తండ్రి బ్రతికి ఉండగా వాటా కోరడం అతని మరణాన్ని కోరడమేనని, మధ్యప్రాచ్యంలో దశాబ్దాల పాటు జీవించి బోధించిన కెన్నెత్ బెయిలీ వ్యాఖ్యానించారు. ఈ వ్యాఖ్యను కొంత జాగ్రత్తగా స్వీకరించవలసి ఉంటుంది. బ్రతికి ఉండగా ఆస్తిని ఇతరుల చేతికి అప్పగించవద్దని సీరా కుమారుని గ్రంథం 33వ అధ్యాయం హెచ్చరిస్తుంది. హెచ్చరించవలసి వచ్చిందంటే అలా ఇచ్చేవారు ఉన్నారనే అర్థం. కనుక అది వినని వింత కాకపోవచ్చు. కాని తండ్రికి ప్రమాదకరమైన పని అనడంలో సందేహం లేదు. తండ్రి పంచి ఇచ్చినదాన్ని చెప్పడానికి లూకా వాడిన గ్రీకు పదం ‘బియోస్’. దానికి జీవనోపాధి అనే కాక జీవితం అనే అర్థమూ ఉంది. తెలుగులో ‘బ్రతుకు’ అన్న మాట ఈ రెండర్థాలనూ మోయగలదు. తండ్రి తన బ్రతుకునే పంచి ఇచ్చాడు.

దూరదేశంలో ధనం కరిగిపోయి, కరవు వచ్చి, పందులను మేపే స్థితికి దిగజారిన చిన్న కుమారుడు ఇంటికి వెళ్లి చెప్పవలసిన మాటలు కూర్చుకుంటాడు. అందులో మూడు అంశాలున్నాయి: తాను పాపం చేశానన్న ఒప్పుకోలు, కుమారుడనిపించుకునే అర్హత లేదన్న అంగీకారం, కూలివారిలో ఒకనిగా పెట్టుకొమ్మన్న విన్నపం. మూడవది ముఖ్యం. అతనిలో పశ్చాత్తాపం ఉంది, కాని దానికి పక్కనే లెక్క కూడా ఉంది. తండ్రి ఇంటి కూలివారికి కడుపునిండా తిండి దొరుకుతుందన్న ఆలోచనే అతణ్ణి లేవదీసింది. కొడుకుగా పోగొట్టుకున్నదాన్ని కూలివాడిగా సంపాదించుకోవాలన్నది అతని ఏర్పాటు.

ఇంటికి చేరాక అతడు మొదటి రెండు మాటలు చెబుతాడు. మూడవది చెప్పడు. అంతలోనే తండ్రి పనివారి వైపు తిరిగి ప్రశస్తమైన వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మంటాడు. ముందుగా కూర్చుకున్న మాటలను, పలికిన మాటలను పక్కపక్కన పెట్టి చూసిన పాఠకునికి మాత్రమే ఈ లోటు కనిపిస్తుంది. కథకుడు దానిని ఎత్తి చూపలేదు.

ఇక్కడ ఒక పాఠభేదాన్ని గమనించాలి. నాలుగవ శతాబ్దికి చెందిన సినాయ్, వాటికన్ ప్రతులలోను, బెజా ప్రతిలోను కూలివాని విన్నపం ఈ చోట కూడా కనిపిస్తుంది. వాటికన్న ప్రాచీనమైనదిగా సాధారణంగా భావించే బోడ్మెర్ పపైరస్‌లోను, అలెగ్జాండ్రియా ప్రతిలోను అది లేదు. ఆధునిక పరిష్కర్తలు ఎక్కువగా లేని పాఠాన్నే మూలంగా స్వీకరించారు. పైనున్న వాక్యాన్ని చూసి కిందిదాన్ని పూరించడం లేఖకులకు సహజం. ఉన్న వాక్యాన్ని కారణం లేకుండా తొలగించడం అంత సహజం కాదు. తెలుగు తాళపత్రాలను పరిష్కరించినవారికి ఈ న్యాయం సుపరిచితమే. పూరించిన లేఖకుడు పొరబడినా అతని మనసు అర్థం కానిది కాదు. క్షమ పొందేవాడు దానికి మారుగా ఏదో ఒకటి ఇవ్వజూపాలన్న భావన అంత బలమైనది. కథ ఆ భావనకే అడ్డు వచ్చింది.

ఈ విశేషం సద్ధర్మపుండరీక సూత్రం నాలుగవ అధ్యాయంలోని కథతో పోల్చినప్పుడు మరింత స్పష్టమవుతుంది. అక్కడ కూడా కొడుకు ఇల్లు విడిచి, దరిద్రుడై తిరిగి తిరిగి, ఐశ్వర్యవంతుడైన తండ్రి వాకిటికి తెలియకుండానే వస్తాడు. తండ్రి గుర్తిస్తాడు, కొడుకు గుర్తించక, ఆ వైభవం చూసి భయపడి పారిపోతాడు. అప్పుడు తండ్రి అతణ్ణి పెంట ఎత్తే కూలివాడిగా పెట్టుకొని, ఇరవై ఏళ్లపాటు క్రమంగా నమ్మకం కలిగించి, చివరికి తన అవసానకాలంలో అందరి ముందు వారసుడని ప్రకటిస్తాడు. బౌద్ధ కథలోని తండ్రి కరుణలో తక్కువవాడు కాడు. శిష్యుని పరిపాకాన్ని బట్టి బోధించే ఉపాయకౌశలం అతనిది. అక్కడ కూలి కొడుకుతనానికి సోపానం. లూకా కథలో కూలి కొడుకుతనానికి ప్రతిబంధకం. ఒక కథ మనిషి ఎదుగుదలను గురించి చెబుతుంది, మరొకటి ఎదుగుదలకు ముందే దక్కిన స్థానాన్ని గురించి చెబుతుంది. క్రైస్తవులు ‘కృప’ అని పిలిచేది ఈ రెండవదానినే.

కడుపు కదిలిన తండ్రి

కొడుకు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి చూశాడు. అప్పుడు అతనికి కలిగిన భావాన్ని చెప్పే గ్రీకు క్రియ ‘పేగులు’ అనే అర్థమున్న పదం నుంచి పుట్టింది. లూకా సువార్తలో ఈ క్రియ మూడుచోట్లనే కనిపిస్తుంది: నాయీను విధవరాలిని చూసిన యేసు విషయంలో, గాయపడినవాణ్ణి చూసిన సమరయుని విషయంలో, ఈ తండ్రి విషయంలో. తెలుగు బైబిలు వాడిన ‘కనికరం’ సముచితమైన మాటే. అయితే ‘కడుపు తరుక్కుపోవడం’, ‘కన్నపేగు కదలడం’ అన్న తెలుగు నుడికారాలు మూలంలోని శరీరస్పర్శకు మరింత దగ్గరివి. తెలుగు వ్యవహారంలో కన్నపేగు తల్లిది. ఈ తండ్రి చేసిన పనులు కూడా అటువంటివే. పరుగెత్తాడు, మెడమీద పడ్డాడు, ముద్దుపెట్టుకున్నాడు. కొడుకు నోరు తెరవకముందే ఇవన్నీ జరిగాయి. ఒప్పుకోలు విని క్షమించిన క్రమం కాదిది. క్షమను చూశాక ఒప్పుకోలు వెలువడిన క్రమం.

ధర్మశాస్త్రం నేపథ్యంలో చూస్తే ఈ పరుగు బరువు తెలుస్తుంది. ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయంలో రెండు విధులు దగ్గరదగ్గరగా ఉన్నాయి. జ్యేష్ఠునికి రెండు పాళ్లు ఇవ్వాలన్నది ఒకటి. తల్లిదండ్రుల మాట వినని మొండి కుమారుణ్ణి ఊరిపెద్దల ముందు నిలిపి రాళ్లతో కొట్టి చంపాలన్నది మరొకటి. ఒకే అధ్యాయంలోని ఈ రెండు విధులు ఈ ఇద్దరు కొడుకుల వెనుక నీడల్లా నిలుస్తాయి.

తప్పనివాడు, తప్పిపోయినవాడు

ఈ కథకు తెలుగులో స్థిరపడిన పేరు ‘తప్పిపోయిన కుమారుడు’. మూలంలోని క్రియకు కనబడకుండా పోవడం, నశించడం అనే అర్థాలున్నాయి. తెలుగు మాట అదనంగా మరొక అర్థాన్ని తెచ్చింది. ‘తప్పు’ క్రియగా దారి తప్పడం, నామవాచకంగా అపరాధం. ఈ శ్లేష అనువాదకులు ఉద్దేశించినదైనా కాకపోయినా పెద్ద కుమారుని ఘట్టానికి చక్కగా అన్వయిస్తుంది. అతడు పొలంనుంచి వస్తూ వాద్యాల ధ్వని విని, సంగతి తెలుసుకొని, కోపంతో లోపలికి రానంటాడు. తండ్రి రెండోసారి బయటికి వస్తాడు. తాను ఏనాడూ ఆజ్ఞ మీరలేదని అతడంటాడు. తెలుగు వ్యవహారంలో చెప్పాలంటే ఎన్నడూ మాట తప్పనివాడు. అయినా తప్పిపోయాడు.

అతని మాటతీరే దీనికి సాక్ష్యం. చిన్నవాడు మాట్లాడిన ప్రతిసారీ ‘తండ్రీ’ అని పిలిచాడు. పెద్దవాడు ఒక్కసారీ పిలవలేదు. ఇన్నేళ్లుగా తాను చేసిన పనికి అతడు వాడిన క్రియ దాస్యానికి సంబంధించినది. తమ్ముణ్ణి ‘నీ కొడుకు’ అంటాడు గాని తమ్ముడనడు. చిన్నవాడు వేశ్యలతో ఆస్తి తగలేశాడన్న మాట కూడా అతనిదే. కథకుడు దుర్వ్యయమని చెప్పి ఊరుకున్నాడు. ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదన్న ఫిర్యాదు కూలి ముట్టలేదన్న ఫిర్యాదే. చిన్నవాడు కూలివాడు కావాలనుకున్నాడు. పెద్దవాడు ఇన్నాళ్లూ కూలివాడిగానే బ్రతికాడు. తండ్రి ఇద్దరి లెక్కలనూ తిరస్కరించాడు. పెద్దవాణ్ణి అతడు పిలిచిన పిలుపు ‘బిడ్డా’ అన్నంత ఆప్యాయమైనది. ‘నీ కొడుకు’ అన్నదాన్ని ‘నీ తమ్ముడు’ అని సరిదిద్దాడు.

అయినా పెద్ద కుమారుని కోపాన్ని అసూయగా కొట్టిపారేయడం న్యాయం కాదు. తండ్రి ఆస్తిని ఇద్దరికీ పంచాడని కథ మొదట్లోనే ఉంది. చిన్నవాడు తన వంతు తీసుకుపోయాడు. మిగిలినదంతా పెద్దవానిదేనని తండ్రే స్వయంగా అన్నాడు. అంటే వధించిన క్రొవ్విన దూడ, తొడిగిన వస్త్రం, ఉంగరం పెద్దవానికి రావలసినవే. తమ్ముని రాకకు అయిన ఖర్చు అన్నమీద పడింది. పోగొట్టుకున్నవాడు తిరిగి వచ్చినప్పుడు పోయినదాన్ని ఎవరో ఒకరు భరించాలి. ‘ఎవరి లెక్కలో?’ అన్నది పెద్ద కుమారుడు పైకి అడగని ప్రశ్న. క్షమ న్యాయాన్ని దాటిపోతే అన్యాయానికి గురైనవాని మాటేమిటన్న ప్రశ్న కూడా ఇందులోనే ఉంది. కథలోని తండ్రి దాన్ని మందలించలేదు, బయటికి వచ్చి బతిమాలాడు.

కథ బయట నిలిచిన కథకుడు

పెద్దవాడు లోపలికి వెళ్లాడో లేదో కథ చెప్పదు. వాక్యం మధ్యలో ఆగిన చిన్నవాని మాటల్లాగే కథ కూడా మధ్యలో ఆగింది. సుంకరులతో, పాపులతో యేసు కలిసి భుజిస్తున్నాడని పరిసయ్యులు, శాస్త్రులు సణగడం ఈ అధ్యాయానికి ప్రారంభం. ఆ సణుగుడుకు సమాధానంగానే నూరు గొర్రెల్లో తప్పిపోయిన ఒకదాని కథ, పది నాణేల్లో పోయిన ఒకదాని కథ, చివరికి ఈ కథ వచ్చాయి. గొర్రెను కాపరి వెదికాడు, నాణేన్ని ఆ ఇల్లాలు వెదికింది. కొడుకును వెదుకుతూ ఎవరూ వెళ్లలేదు. వెళ్లవలసినవాడు అన్న అని, ఆ స్థానం కథలో ఖాళీగా ఉందని కొందరు వ్యాఖ్యాతలు సూచించారు. రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయంలో పౌలు క్రీస్తును అనేక సహోదరులలో జ్యేష్ఠుడన్నాడు. ఆ మాటను లూకా కథలోకి బలవంతంగా చొప్పించనవసరం లేదు. అయితే తప్పిపోయినవారితో పంక్తిలో కూర్చుని, అందుకు నిందపడుతూ ఈ కథ చెబుతున్నవాడు ఖాళీగా ఉన్న ఆ స్థానంలో ఉన్నాడని లూకా కూర్పే తెలుపుతుంది. పైగా 9వ అధ్యాయం చివరినుంచి అతడు యెరూషలేము దారిలో, అంటే మరణం వైపు నడుస్తున్నాడు.

ఈ దృష్టితో చూస్తే హార్నాక్, పౌలు పక్షాలు ఒకదానికొకటి పూర్తిగా ప్రత్యర్థులు కావు. కథలో సిలువ లేదన్న హార్నాక్ పక్షపు గమనిక నిజం. కాని కథలోని ఖర్చును ఆ పక్షం లెక్కించలేదు. తండ్రి బ్రతుకు పంచబడింది, పెద్దరికం పరుగులో పోయింది, అన్న ఆస్తి తమ్ముని విందుకు ఖర్చయింది. కథ అడిగి వదిలేసిన ఖర్చు ప్రశ్నకు కథకుడు తన జీవితంతో సమాధానం చెప్పాడన్నదే పౌలు అందుకున్న పరంపర సారాంశం. తండ్రి ప్రేమను విడిచి సిలువను మాత్రమే చెబితే అది లెక్కల పరిష్కారమై, కూలి భాషలోకి జారిపోతుంది. సిలువను విడిచి ప్రేమను మాత్రమే చెబితే పెద్ద కుమారుని ప్రశ్నకు జవాబు దొరకదు.

ముగింపు

క్రైస్తవ విశ్వాసం మనిషిని మంచివాడు కమ్మని మాత్రమే చెప్పి ఉంటే పెద్ద కుమారుడు ఆ విశ్వాసానికి ఆదర్శమై ఉండేవాడు. పశ్చాత్తాపానికి ప్రతిఫలం ఉంటుందని మాత్రమే చెప్పి ఉంటే చిన్నవాడు కూర్చుకున్న మూడు వాక్యాలూ పూర్తయ్యేవి. లూకా కథ ఈ రెండింటినీ దాటి, అర్హతకు ముందున్న బంధుత్వాన్ని కేంద్రంగా నిలిపింది. దానికి ఒక వెల ఉందని, ఆ వెల పొందినవాడు చెల్లించలేదని కూడా చూపింది. తండ్రి ఇంకా వాకిట్లోనే ఉన్నాడు. లోపల విందు సాగుతోంది. పెద్దవాని జవాబు దగ్గర కథ ఆగింది.