రాయలసీమ బోరుకు ఇంట కట్టిన త్రీఫేజ్ ఇన్వర్టరు

నల్లమల పడమటి పాదాన దిగువ అహోబిలం నుంచి ఆళ్లగడ్డ మీదుగా కుందూ నది వరకు పరచుకున్న నేలలో కేసీ కాలువ, తెలుగుగంగ నీరు అందే చేలు కొన్ని ఉంటే, బోరుబావి మీదనే ఆధారపడిన చేలు మరెన్నో ఉన్నాయి. సంక్రాంతి తరువాత అహోబిలేశుడు పార్వేటకు బయలుదేరి పర్యటించే పల్లెల్లోనూ, అక్కడికి దక్షిణాన కడప జిల్లా మెట్ట ప్రాంతాల్లోనూ బోరు కింద సేద్యం సాగాలంటే ముందు మోటారు తిరగాలి. ఆ మోటారు చాలాచోట్ల త్రీఫేజ్ మోటారే. దానికి కావలసిన మూడు ఫేజుల కరెంటు మాత్రం రోజులో కొన్ని గంటలే వస్తుంది. 2004 మే 14న వ్యవసాయ ఉచిత విద్యుత్తు ఫైలుపై సంతకం పడినప్పుడు బిల్లు భారం తొలగింది గాని గంటల పరిమితి తొలగలేదు. పగటిపూట తొమ్మిది గంటల సరఫరా అనేది విధానంగా రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. రాత్రివేళ వచ్చే కరెంటుకు, పడిపోయే వోల్టేజికి, తరచుగా కాలిపోయే ట్రాన్స్‌ఫార్మర్లకు నడుమ పల్లె మోటారు మెకానిక్కులు ఉన్న కరెంటును మోటారుకు తగినట్టు మలచుకునే ఒక విద్యను సాధన చేశారు. రీవైండింగ్ షాపులో మొదలై కెపాసిటర్ల పెట్టె మీదుగా సాగిన ఆ విద్యకు పై మెట్టు ఇంటివద్దే కట్టుకోగల త్రీఫేజ్ ఇన్వర్టరు. దానిని బయటినుంచి వచ్చిన కొత్త వస్తువుగా కాక, ఈ చేతిపనికే కొనసాగింపుగా చూడటం న్యాయం.

మూడు ఫేజులు ఎందుకన్న ప్రశ్నకు సమాధానం మోటారు లోపలే ఉంది. గానుగ రోకలిని ఒక్కడే తోస్తే ఒక దశలో బలంగా, మరొక దశలో బలహీనంగా తిరుగుతుంది. చుట్టూ సమాన దూరాల్లో ముగ్గురు నిలిచి వంతులవారీగా తోస్తే ఎక్కడా తడబడకుండా తిరుగుతుంది. స్టేటరులో ఒకదానికొకటి 120 డిగ్రీల ఎడంతో అమర్చిన మూడు చుట్లకు, అదే ఎడంతో హెచ్చుతగ్గులయ్యే మూడు ప్రవాహాలు అందినప్పుడు వాటి అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతూ రోటరును వెంట లాక్కుపోతుంది. బ్రష్షులు లేని, అరిగిపోయే విద్యుత్ భాగాలు లేని ఈ కేజ్ రోటరు మోటారును 1889లో మిఖాయిల్ దొలీవో-దొబ్రొవోల్‌స్కీ రూపొందించాడు. 1891లో జర్మనీలోని లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనకు 175 కిలోమీటర్ల దూరం త్రీఫేజ్ విద్యుత్తు ప్రవహించడంతో దాని భవిష్యత్తు నిర్ణయమైపోయింది. వందల అడుగుల లోతున నీటిలో మునిగి ఏళ్ల తరబడి తిరిగే సబ్‌మెర్సిబుల్ మోటారు ఆ నిర్మాణానికే వారసురాలు.

మూడింటిలో ఒక ఫేజు పోతే తిరుగుతున్న మోటారు ఆగిపోదు; మిగిలిన రెండు తీగల్లోంచి ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి, చివరికి వైండింగ్ కాల్చుకుంటుంది. ఆగి ఉన్న మోటారైతే అసలు కదలక మూలుగుతుంది. కెపాసిటర్ల పద్ధతి ఈ ఇబ్బంది నుంచే పుట్టింది. ఉన్న రెండు తీగలను రెండు కొసలకు తగిలించి, మూడో కొసకు కెపాసిటరు గుండా కరెంటు ఇస్తే, కెపాసిటరులో ప్రవాహం వోల్టేజి కంటే ముందుగా నడుస్తుంది గనుక మూడో ఫేజును పోలిన ఎడం ఏర్పడి మోటారు కదులుతుంది. పల్లెల్లో దీనినే కన్వర్టరు అంటారు. చవకైనది, సులువైనది, అయితే అసంపూర్ణమైనది. ఒక కెపాసిటరు విలువ ఒకే ఒక బరువు దగ్గర సరైన ఎడాన్ని ఇస్తుంది. బోరులో నీటిమట్టం దిగే కొద్దీ పంపు మీది బరువు మారుతుంది గనుక ఉదయం సరిపోయిన విలువ మధ్యాహ్నానికి సరిపోదు. అసమానమైన ప్రవాహాలు రోటరులో ఎదురు తిరిగే క్షేత్రాన్ని కూడా పుట్టించి వేడిని పెంచుతాయి. అందువల్లనే ఇలా నడిపే మోటారు మీద దాని శక్తిలో సుమారు మూడింట రెండు వంతులకు మించి బరువు పెట్టకూడదని చెబుతారు. పేటికలో ఎన్ని కెపాసిటర్లు పెట్టినా ఈ లోపం పోదు.

ఇన్వర్టరు ఈ సమస్యను వేరే దారిలో పరిష్కరిస్తుంది. అది ఉన్న ఫేజుల నుంచి లేని ఫేజును సృష్టించే ప్రయత్నం చేయదు. వచ్చిన కరెంటునంతా ముందు డయోడ్ల వంతెన ద్వారా ఒకే దిశలో ప్రవహించే డీసీగా మార్చి, పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో నిలవ చేసి, ఆ నిలవ నుంచి మూడు ఫేజులను కొత్తగా నిర్మిస్తుంది. ఇందుకు ఆరు ఎలక్ట్రానిక్ స్విచ్చులు చాలు. ఒక్కొక్క ఫేజుకు పైన ఒకటి, కింద ఒకటి ఉండి, పైది మూసుకున్నప్పుడు ఆ కొస డీసీ ధన తీగకు, కిందిది మూసుకున్నప్పుడు రుణ తీగకు కలుస్తుంది. సెకనుకు కొన్ని వేల మార్లు జరిగే ఈ మార్పిడిలో పైస్విచ్చు మూసి ఉండే కాలాన్ని క్రమంగా పెంచుతూ తగ్గిస్తూ పోతే, మోటారు చుట్లు తమ సహజ జడత్వం వల్ల ఆ ముక్కలన్నిటినీ నునుపు చేసుకొని సైన్ అలను పోలిన ప్రవాహాన్ని తీసుకుంటాయి. స్పందన వెడల్పును మార్చే ఈ పద్ధతికే పీడబ్ల్యూఎం అని పేరు. లెక్క చేసే పనికి ఒక చిన్న మైక్రోకంట్రోలరు సరిపోతుంది: 256 విలువల సైన్ పట్టికను దాచుకొని, మొదటి ఫేజుకు సున్నా నుంచి, రెండో దానికి 85వ స్థానం నుంచి, మూడో దానికి 171వ స్థానం నుంచి చదువుతూ పోతే 120 డిగ్రీల ఎడం దానంతటదే వస్తుంది.

ఇంట కట్టే ఇన్వర్టర్లు ఎక్కువగా విఫలమయ్యేది ఈ ఎలక్ట్రానిక్స్ దగ్గర కాదు, వోల్టేజి లెక్క దగ్గర. ఇంటి 230 వోల్టుల కరెంటును డీసీగా మారిస్తే దాని శిఖర విలువ సుమారు 325 వోల్టులు వస్తుంది. 415 వోల్టుల త్రీఫేజ్ సరఫరాను మారిస్తే 587 వోల్టులు వస్తుంది. సాధారణ సైన్ పద్ధతిలో డీసీ విలువలో 61 శాతం మేరకే ఫేజుల మధ్య వోల్టేజిగా బయటికి తీయగలరు. అంటే 587 నుంచి 359 వోల్టులే దక్కుతాయి, 415 దక్కవు. ఈ కొరత తీర్చడానికి ఒక చక్కని గణిత ఉపాయం ఉంది: మూడు ఫేజుల అలలకూ మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ గల చిన్న అలను, అసలు అల ఎత్తులో ఆరో వంతు మేరకు కలిపితే శిఖరాలు చదునవుతాయి, మూడింటికీ అదే అల కలిసింది గనుక ఫేజుకూ ఫేజుకూ మధ్య తేడాలో అది పూర్తిగా రద్దయిపోయి మోటారుకు కనిపించదు. దీనితో 61 శాతం కాస్తా దాదాపు 71 శాతమై 587 నుంచి 415 వోల్టులు సరిగ్గా వస్తాయి. ఇదే ఉపాయంతో 325 నుంచి 230 మాత్రమే వస్తుంది. కనుక డీసీ వోల్టేజిని పెంచకుండా సింగిల్ ఫేజు మీద కట్టిన ఇన్వర్టరు 415 వోల్టుల మోటారును పూర్తి బలంతో తిప్పలేదు.

ఇక్కడ రీవైండింగ్ షాపు విద్య మళ్లీ అక్కరకు వస్తుంది. స్టార్ పద్ధతిలో కలిపిన 415 వోల్టుల మోటారులో మూడు చుట్ల కొసలు ఒకచోట ముడిపడి ఉంటాయి గనుక ఒక్కొక్క చుట్టు మీద పడేది 240 వోల్టులే. ఆ ముడి విప్పి, ఒక చుట్టు చివరను మరొక చుట్టు మొదటికి త్రికోణంగా, అంటే డెల్టాగా కలిపితే అదే మోటారు 230 వోల్టులకు సరిపోతుంది. ఒడ్డున ఉండే మోనోబ్లాక్ మోటారుకు ఈ మార్పు పెట్టె మూత తీసి చేసుకోవచ్చు. సబ్‌మెర్సిబుల్ మోటారు నుంచి సాధారణంగా మూడు తీగలే పైకి వస్తాయి గనుక అది స్టార్‌లో ఉంటే, వైండింగ్ కోసం విప్పినప్పుడు మాత్రమే ఈ పని కుదురుతుంది. గాడుల సంఖ్య, చుట్ల లెక్క, తీగ గేజు రాసుకొని పీవీసీ పొర ఉన్న తీగతో మళ్లీ చుట్టగల మెకానిక్కుకు ఈ కలయిక మార్చడం పెద్ద పని కాదు. అయితే మూల్యం ఉంది: అదే శక్తికి తీగల్లో కరెంటు 1.73 రెట్లు పెరుగుతుంది, అంటే బోరులోకి దిగే పొడవాటి కేబులులో నష్టం మూడు రెట్లవుతుంది. లోతు తక్కువైన చోట సహించదగినదే గాని, లోతైన సీమ బోర్లకు ఇది తగదు. అటువంటి చోట డీసీనే 600 వోల్టుల దరిదాపుకు పెంచడం మేలు, అందుకు అనువైన ఆధారం సౌర ఫలకాలు.

స్విచ్చుల విషయానికి వస్తే, 1957లో వచ్చిన థైరిస్టరు ఇన్వర్టర్లకు దారి తెరిచినా, ఒకసారి వెలిగించిన దానిని తిరిగి ఆర్పడానికి అదనపు సర్క్యూట్లు కావలసి వచ్చేవి. మద్రాసులో పుట్టిన భారతీయ శాస్త్రజ్ఞుడు బి. జయంత్ బాలిగా జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో 1980ల తొలినాళ్లలో అభివృద్ధి చేసిన ఐజీబీటీ ఆ చిక్కును తీర్చింది. స్వల్పమైన వోల్టేజి సంకేతంతో తెరుచుకొని మూసుకునే ఈ స్విచ్చు వల్లనే ఇంటివద్ద ఇన్వర్టరు కట్టడం సాధ్యపడింది. 600 వోల్టుల డీసీకి 1200 వోల్టుల స్థాయి ఐజీబీటీలు వాడాలి. పై మూడు స్విచ్చుల సంకేత తీగలు ఫేజుతో పాటు పైకీ కిందికీ ఊగుతూ ఉంటాయి గనుక వాటికి ఒక్కొక్కదానికీ విడిగా, విద్యుత్‌పరంగా వేరుచేసిన 15 వోల్టుల సరఫరా కావాలి. కింది మూడింటికీ కలిపి ఒకటి చాలు. ఒకే ఫేజులోని పై, కింది స్విచ్చులు క్షణకాలం ఒకేసారి మూసుకున్నా డీసీ నేరుగా షార్టయి రెండూ పేలిపోతాయి. అందుకే ఒకటి తెరుచుకున్నాక రెండోది మూసుకునేలోపు రెండు మూడు మైక్రోసెకన్ల విరామం ఉంచుతారు. 2017లో గని, శకునాల గ్రామాల వద్ద పనిచేయడం మొదలుపెట్టిన 1000 మెగావాట్ల సౌర పార్కులో డీసీని ఏసీగా మార్చే భారీ ఇన్వర్టర్లకు మూలం కూడా ఈ స్విచ్చుల సూత్రమే.

ఫ్రీక్వెన్సీని మార్చగలగడం ఇన్వర్టరు ఇచ్చే అసలు వరం. 50 హెర్ట్జ్ దగ్గర 415 వోల్టులు కావలసిన మోటారుకు హెర్ట్జుకు 8.3 వోల్టుల చొప్పున రెండింటినీ కలిపి పెంచుతూ పోతే, నేరుగా స్టార్టరుతో వేసినప్పుడు లాగే ఐదారు రెట్ల కరెంటు లేకుండానే మోటారు వేగం అందుకుంటుంది. సబ్‌మెర్సిబుల్ మోటారు బేరింగులు నీటి పొర మీద తేలుతూ తిరగాలి గనుక ఈ ఆరంభాన్ని మరీ సాగదీయకుండా ఒకటి రెండు సెకన్లలోనే 30 హెర్ట్జ్ దాటించాలి. ఎండ తగ్గినప్పుడు వేగం తగ్గించి నడపవచ్చన్నది నిజమే గాని, పంపు స్వభావం తెలియక చేస్తే నష్టమే. పంపు ఇచ్చే నీరు వేగంతో పాటు తగ్గుతుంది, అది ఎత్తగల ఎత్తు వేగపు వర్గంగా తగ్గుతుంది, తీసుకునే శక్తి ఘనంగా తగ్గుతుంది. 50 హెర్ట్జ్ వద్ద అత్యధికంగా 100 మీటర్ల ఎత్తు వరకు తోయగల పంపు 40 హెర్ట్జ్ వద్ద 64 మీటర్లే తోయగలదు. నీటిమట్టం ఆ లోతున ఉన్న బోరులో మోటారు తిరుగుతూనే ఉంటుంది, చుక్క నీరు పైకి రాదు, చుట్టూ ప్రవాహం లేక మోటారు వేడెక్కుతుంది. కాబట్టి నీటిమట్టాన్ని బట్టి కనిష్ఠ ఫ్రీక్వెన్సీని నిర్ణయించి, అంతకంటే దిగితే ఆపివేసే ఏర్పాటు, నీరు ఎండి కరెంటు పడిపోతే ఆపే ఏర్పాటు తప్పనిసరి. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం కింద వచ్చిన సోలారు పంపుసెట్లలో త్రీఫేజ్ మోటారు ఉన్న వాటి కంట్రోలర్లు చేసేది కూడా ఈ పనే. ఎండను బట్టి ఫలకాల నుంచి అత్యధిక శక్తి లాగే బిందువును వెతుక్కోవడం వాటి అదనపు నేర్పు.

ఈ పనిలో ప్రమాదం కూడా స్పష్టంగా చెప్పవలసిందే. 600 వోల్టుల డీసీ నిలవ, కరెంటు తీసేసిన తరువాత కూడా నిమిషాల తరబడి ప్రాణాంతకంగా ఉంటుంది. కెపాసిటర్లకు అడ్డంగా రెసిస్టర్లు పెట్టి, మీటరుతో కొలిచి చూశాకే చేయి పెట్టాలి. మొదటి పరీక్ష 24 వోల్టుల బ్యాటరీతో, తరువాతది పల్లె మెకానిక్కులందరికీ తెలిసిన సిరీస్ బల్బుతో, ఆ పైన అర హెచ్‌పీ మోటారుతో జరగాలి. బల్బు దేదీప్యమానంగా వెలిగితే లోపల షార్టు ఉందని అర్థం, బోర్డు మాత్రం బతికిపోతుంది. ఇన్వర్టరు వెలువరించే కరెంటు పొరపాటున కూడా సరఫరా లైనులోకి వెనక్కి వెళ్లకూడదు, వెళితే స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. లైనుకూ ఇన్వర్టరుకూ ఒకేసారి కలవని చేంజోవర్ స్విచ్చు లేకుండా దీనిని వాడకూడదు. గృహ కనెక్షను నుంచి వ్యవసాయ మోటారు నడపడం సరఫరా నిబంధనలకు విరుద్ధం కావడమే కాదు, ఐదు హెచ్‌పీకి 30 ఆంపియర్ల పైచిలుకు లాగి ఇంటి సర్వీసు తీగనే కాల్చుతుంది. ఇంట కట్టిన ఇన్వర్టరుకు న్యాయమైన చోటు సౌర ఫలకాల కిందే.

సోలారు కంట్రోలరు చెడిపోయినప్పుడు తయారీదారు మనిషి వచ్చేదాకా ఎండిపోయేది రైతు పైరు. లోపల ఉన్నవి ఆరు స్విచ్చులు, ఒక వంతెన, కొన్ని కెపాసిటర్లే అయినా, సర్క్యూట్ పటం లేనందువల్ల చేయి తిరిగిన మెకానిక్కు కూడా ఆ పెట్టె ముందు నిస్సహాయుడవుతున్నాడు. ఒక్కసారి తన చేతితో ఇన్వర్టరు కట్టినవాడికి ఆ నిస్సహాయత ఉండదు. రాయలసీమ ఐటీఐలలో వైండింగ్‌తో పాటు ఇన్వర్టరు నిర్మాణాన్నీ తెలుగులో నేర్పాలి. సబ్సిడీ మీద ఇచ్చే ప్రతి కంట్రోలరుతో పాటు దాని సర్క్యూట్ పటాన్ని రైతుకు అందించాలన్న షరతును ప్రభుత్వం టెండర్లలోనే చేర్చాలి.