కంచు పైన, వెండి కింద

వేమన పద్యంలో కనకం ముందు చులకనైపోయిన కంచు, మన సైన్యంలో మాత్రం అన్నిటికన్నా పైమెట్టున కూర్చుంది. యుద్ధరంగంలో చూపిన సాహసానికి దేశం ఇచ్చే అత్యున్నత పతకం పరమవీర చక్ర. అది కంచుది. దాని తర్వాత వచ్చే మహావీర చక్ర, వీర చక్ర రెండూ వెండివి. లోహం ధర చూసి పతకానికి విలువ కట్టబోతే తప్పులో కాలేస్తాం.

ఆ కంచు బిళ్ల వ్యాసం 35 మిల్లీమీటర్లే. నడుమ మూడు సింహాల రాజముద్ర, చుట్టూ నాలుగు వజ్రాయుధాలు. దేవతలు అడిగితే తన వెన్నెముకనే ఇచ్చేసిన దధీచి కథ అందులో ఇమిడి ఉంది. ఈ రూపం గీసింది స్విట్జర్లాండ్‌లో పుట్టి, భారత సైనికాధికారిని పెళ్లాడి, సంస్కృతం నేర్చుకుని పురాణాలు చదివిన సావిత్రీబాయి ఖనోల్కర్. 1950 జనవరి 26న నెలకొల్పిన ఈ పురస్కారాన్ని 1947 ఆగస్టు 15 నుంచే వర్తింపజేశారు. ఇప్పటిదాకా అందుకున్నవారు 21 మంది. వారిలో 14 మందికి మరణానంతరమే దక్కింది.

పతకాలను చదవడానికి మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే: శత్రువు ఎదురుగా ఉన్నాడా? ఉంటే పైన చెప్పిన మూడు చక్రాలు. శత్రువుతో పోరు కాని చోట చూపిన తెగువకు అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర. ఇవి సామాన్య పౌరులకూ దక్కుతాయి. హైదరాబాద్‌లో చదువుకుని 1984లో అంతరిక్షానికి వెళ్లొచ్చిన రాకేశ్ శర్మది అశోక చక్ర. గ్రేహౌండ్స్ పోలీసు అధికారి కె. ప్రసాద్‌బాబుకు 2014లో మరణానంతరం వచ్చిందీ అదే. ఈ వరుసలో లోహాలు మనం అనుకునే క్రమంలోనే ఉంటాయి: బంగారు పూత, వెండి, కంచు.

రెండో ఆనవాలు రిబ్బను. అశోక చక్ర ఆకుపచ్చ రిబ్బను మధ్యలో ఒక నారింజ గీత, కీర్తి చక్రకు రెండు, శౌర్య చక్రకు మూడు. గీతలు పెరిగేకొద్దీ మెట్టు దిగుతుంది. 1960లో వచ్చిన సేవా పతకాలదీ ఇదే లెక్క. పసుపు రిబ్బను మీద ఒక ముదురు నీలి గీత ఉంటే పరమ విశిష్ట సేవా పతకం, రెండుంటే అతి విశిష్ట, మూడుంటే విశిష్ట. గుండుకు ఎదురెళ్లడం క్షణాల పని. సైన్యాన్ని నడిపించడం, తిండీ మందుగుండూ సమయానికి అందేలా చూడటం ఏళ్ల తరబడి చేసే పని. రెండూ గౌరవించదగ్గవే కానీ రెండూ ఒకటి కావు. అందుకే రంగులు వేరు.

అయితే గీతలూ లోహాలూ చెప్పనిది ఒకటుంది. ఏ పతకమైనా ఎవరో ఒకరు చూసి చెబితేనే మొదలవుతుంది. పై అధికారి సిఫారసు రాయాలి. అది మెట్టు మెట్టూ ఎక్కి ఢిల్లీ చేరాలి. చైనాతో యుద్ధంలో 1962 నవంబరు 18న లద్దాఖ్‌లోని రెజాంగ్ లా కనుమలో మేజర్ షైతాన్ సింగ్ కంపెనీ 110 మందికి పైగా జవాన్లను పోగొట్టుకుంది. బతికి వచ్చిన కొద్దిమంది చెప్పిన మాటను మొదట్లో నమ్మినవాళ్లు తక్కువ. 1963 ఫిబ్రవరిలో మంచు కింద మృతదేహాలు దొరికాయి. చాలామంది చేతుల్లో ఆయుధాలు అలాగే ఉన్నాయి. నోటిమాటకు దొరకని నమ్మకం ఆ చేతులకు దొరికింది. షైతాన్ సింగ్‌ది పరమవీర చక్ర. కానీ చూసినవాళ్లు ఒక్కరూ మిగలని పోరాటాలు ఎన్ని, పతకాల జాబితాకు ఎక్కని పేర్లు ఎన్ని?

సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణలో అమరుడయ్యారు. ఆ రాత్రి అక్కడ తుపాకీ పేలలేదు, యుద్ధమూ ప్రకటించలేదు. అయినా ఆయనకు ఇచ్చింది మహావీర చక్ర, ఎందుకంటే శత్రువు ఎదురుగా ఉన్నాడు. 2021 నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో ఆయన తల్లి, భార్య దాన్ని అందుకున్నారు. ఇలాంటి సభలో పతకం చేతికిచ్చే ముందు, ఆ రోజు ఏం జరిగిందో పైకి చదివి వినిపిస్తారు. వెండి బిళ్ల ఇంటి అద్దాల బీరువాలోకి వెళ్తుంది. చదివిన ఆ నాలుగు మాటలు దేశం రికార్డులోకి వెళ్తాయి.