రెండు పళ్లు లేని చక్రం

ఏప్రిల్ ఎండలో శాలిబండ చడావు ఎక్కుతుంటే మా తమ్ముడి కారు ఆగిపోయింది. మూడు చేతులు మారి వచ్చిన రెండు సీట్ల జర్మన్ స్పోర్ట్స్ కారు అది. అద్దాలు మడిస్తే తప్ప మా గల్లీలో పట్టదు. ఎందుకు కొన్నావురా అని అడగడం నేనెప్పుడో మానేశాను. వెనక ఆటోల హారన్లు, పక్కన పుచ్చకాయల బండి. అరగంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

వేడెక్కితే పోయి చల్లారితే వస్తోందంటే ముందు అనుమానించాల్సింది క్రాంక్ సెన్సర్‌నే. స్కానర్ పెడితే పీ0335 అని అదే చూపించింది. క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు ఒక పళ్లచక్రం తిరుగుతుంది. 60 పళ్లకు చోటుంటే 58 మాత్రమే పెడతారు. ఆ బోసి చోటు ఎదురైనప్పుడల్లా ఇంజన్ ఎక్కడిదాకా తిరిగిందో కంప్యూటర్‌కు తెలుస్తుంది, దాన్నిబట్టి నిప్పురవ్వ పడుతుంది. నిమిషానికి 900 చుట్లు తిరిగే ఐడిల్‌లోనే సెకనుకు 870 పళ్లు లెక్కపెట్టాలి.

మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో, చౌమహల్లా ప్యాలెస్‌లో, 1912 నాటి పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. దానికి ఈ లెక్కలేవీ లేవు. స్టీరింగ్ దగ్గరున్న చిన్న మీటను జరిపి, రవ్వ ముందు పడాలో వెనక పడాలో డ్రైవరే చూసుకునేవాడు. ఇంజన్ చప్పుడు వింటూ చెవితో చేసే పని అది. ఇప్పుడా చెవి బొటనవేలంత ప్లాస్టిక్ ముక్కయి, చెయ్యి దూరని చోట కూర్చుంది.

చెయ్యి దూరదని ఊరికే అనడం లేదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, స్టార్టర్ మోటార్ పక్కన ఉంటుంది. ఫ్యాక్టరీలో ఇంజన్ బయట ఉండగానే బిగించేస్తారు కాబట్టి వాళ్లకేం కష్టం లేదు. మనం జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి, కిందికి దూరి, మోచెయ్యి గీరుకుంటూ వెతుక్కోవాలి. స్టార్టర్ తీగలో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ తీయకుండా అక్కడ పానా పెట్టకూడదు.

సెన్సర్‌కు ఉన్నది ఒక్కటే బోల్టు. గంటసేపు టార్చి వేసి చూశాను, కనిపిస్తే ఒట్టు. ఎదురింటి ఉస్తాద్ చాయ్ గ్లాసుతో వచ్చి వంగి చూశాడు. ఆయన అంబాసిడర్ల కాలం మెకానిక్, ఇలాంటి సెన్సర్ ఎప్పుడూ ముట్టలేదు.

“టార్చి బంద్ చెయ్ బేటా. కండ్లు మూస్కొని తడుము.”

“కనబడకుండా ఎట్ల చాచా?”

“కనబడ్తే నువ్వు గంట సేపు పండుకునేటోడివి కాదు గదా!”

కళ్లు మూసుకున్నాను. గరుకు పోత ఇనుము, దాని మీద వేడిగా గొట్టం, తర్వాత తీగల మోపు, దాని వెనక గుండ్రటి తల, తల మధ్య ఆరు పలకల గుంట. అలెన్ కీ వెళ్లి అందులో కూర్చుంది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం మా తమ్ముడికి ఆ కారు కొన్న రోజు కూడా కలిగి ఉండదు.

ఓరింగ్ ఎండి పట్టేసింది. పెకిలిస్తే లోపలే విరుగుతుంది, అందుకని అటూ ఇటూ తిప్పుతూ లాగాను. తీగ బయటికి తీసేముందు దాని కొసకు దారం కట్టాను. కొత్తదాన్ని ఆ దారం వెంట, లంగాకు బొందు ఎక్కించినట్టు, పాత దారిలోనే లాక్కోవచ్చు. బోల్టు జారకుండా తలకు గ్రీజు పూశాను. అయినా ఒకసారి కింద తట్టలో పడింది. ఉస్తాద్ నవ్వలేదు, అయస్కాంతపు కడ్డీ అందించాడు.

సాయంత్రం అదే చడావు ఎక్కాం. ఆగలేదు.

పాత సెన్సర్ కిటికీలో పడేశాను. అందులోని అయస్కాంతం ఇంకా పనిచేస్తోందని అమ్మ కనిపెట్టింది. అదిప్పుడు ఆమె కుట్టుమిషన్ డబ్బాలో, ఒళ్లంతా సూదులతో ఉంది.