భూమి పోయి పట్టాలెక్కిన కథ

మా ఇండ్లల్లో వంశవృక్షం గీయమంటే తాత పేరు దగ్గర కలం ఆగిపోతది. భూమి ఉన్నోళ్లకు పహాణీలున్నయి. మాదిగలకు డక్కలోళ్లు చెప్పే జాంబపురాణం ఉంది గానీ అది కులం కథ, ఇంటి కథ కాదు. అందుకే వై.బి. సత్యనారాయణ 2011లో ఇంగ్లీషులో రాసిన, తెలుగులో 'మా నాయన బాలయ్య'గా వచ్చిన పుస్తకాన్ని మేము ఉత్త జీవితకథగా చదవలేదు. అప్పటి కరీంనగర్ జిల్లా వంగపల్లి మాదిగ కుటుంబం మూడు తరాల లెక్క అది. తండ్రికి నిజాం బహుమానంగా ఇచ్చిన భూమిని దొర గుంజుకుంటే నర్సయ్య ఊరు విడిచిండు. దీన్ని 'వలస' అనడం మాకు మింగుడుపడదు. భూమి గుంజుకుని వెళ్లగొట్టినదాన్ని ఆ మాట కప్పేస్తుంది. కొడుకు బాలయ్య రైల్వే కొలువు, పిల్లల చదువులు ఆ తర్వాతి సంగతి.

మా పేచీ ఒకటే. పేరులోనే నాయన ఉన్నడు, తరాల లెక్క కూడా మగవాళ్ల వరుసలోనే నడుస్తుంది. పెండ్లితో ప్రతి తరంలోనూ ఊరు మారేది ఆడవాళ్లే కదా, వాళ్ల దారి ఏ లెక్కలో రాయాలె? పుస్తకం మూసి మేము మా అవ్వను అడిగినం. పుట్టినూరు, అత్తగారి ఊరు, నాట్లకు పోయిన ఊర్లు వేళ్లమీద లెక్కబెట్టింది. తాత వైపు దొరికినవాటి కన్నా రెండు ఊర్లు ఎక్కువే వచ్చినయి.