ఎడమకు వాల్చండి

చెరుకు కోతలప్పుడు బోధన్ రోడ్ల నిండా ట్రాక్టర్లే కనిపించేవి. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ బారులు పలచబడ్డాయి గానీ రోడ్డు ప్రమాదాలు ఆగలేదు. ఇప్పుడు మా ఆసుపత్రికి ఎక్కువగా వచ్చేది బైకు వెనక ఒక పక్కకు కూర్చుని, స్పీడ్ బ్రేకర్ దగ్గర జారిపడ్డ గర్భిణులు. వెంట వచ్చిన అత్తగారు క్యాజువాలిటీ గుమ్మంలోనే అంటుంది: "కోడలికి ఏం తాకలే మేడమ్, జర లోపల బిడ్డను చూడుండ్రి."

ఆ ఆత్రం నాకు తెలుసు. అయినా ముందు చూడాల్సింది తల్లినే. ఆమెకు ఊపిరి, రక్తం సరిగా అందితేనే బిడ్డకు అందుతాయి. నెలలు నిండేసరికి ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది కాబట్టి, లీటరుకు పైగా పోయినా బీపీ పడకపోవచ్చు. ఈలోపే గర్భసంచికి వెళ్లే రక్తం తగ్గిపోతుంది. బీపీ బాగుందంటే నాకు నిశ్చింత కలగదు.

కడుపు బొడ్డు దాకా వచ్చిందంటే సుమారు 20 వారాలు. అప్పటి నుంచి వెల్లకిలా పడుకోబెడితే గర్భసంచి బరువంతా గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర మీద పడుతుంది. కుడి తుంటి కింద దుప్పటి మడిచిపెట్టి ఎడమకు వాల్చాలి. వెన్నుకు దెబ్బ తగిలిందన్న అనుమానముంటే మనిషిని మెలితిప్పకుండా ఆమెను పడుకోబెట్టిన పలకనే వాల్చాలి, లేదా రెండు చేతులతో కడుపును ఎడమకు జరిపి పట్టుకోవాలి. చెమటలు పట్టి పాలిపోయిన అమ్మాయి, దుప్పటి పెట్టిన కాసేపటికే "ఇప్పుడు మంచిగుంది" అనడం నేను చూశాను.

ఒంటి మీద గీత పడకపోయినా లోపల మాయ విడిపోవచ్చు. నెత్తురు బయటికి రాకుండా లోపలే గడ్డకట్టొచ్చు. అలాంటప్పుడు అరచెయ్యి ఆనిస్తే కడుపు సడలకుండా చెక్కలా తగలొచ్చు. అందుకే ఏమీ లేదనిపించినా కనీసం 4 గంటలు బిడ్డ గుండె చప్పుడు, నొప్పులు చూస్తూ ఉండాలి. ఇంటికి పోతామని తొందరపడేవాళ్లను బతిమాలైనా ఆపుతాను.

ఎక్స్‌రే అంటే భయపడి వద్దనేవాళ్లున్నారు. తల్లి ప్రాణానికి అవసరమైన పరీక్షను కడుపుతో ఉందని ఆపకూడదు. అలాగే, దెబ్బ తగిలిన తల్లిది నెగెటివ్ గ్రూపైతే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. ఆమె స్పృహలో లేకపోతే ఆ గ్రూపు వెంటనే తెలిసేది ఏఎన్‌ఎం రాసిచ్చిన కార్డులోనే. దాన్ని ఇంట్లో బీరువాలో దాచకుండా సంచిలో పెట్టుకుని తిరగమని వచ్చిన ప్రతి గర్భిణికీ చెబుతున్నాను.