మంద నిలిచిన చేను

ఉగాది దాటిందంటే మా అనంతపురం పల్లెల్లో చిన్న రైతులు మొదలుపెట్టే బేరం ఒకటుంది. ఎవరి మంద ఎప్పుడు వస్తుంది, ఏ చేలో ఎన్ని రాత్రులు నిలుస్తుంది, తలకు ఎంత ఇవ్వాలి. కంది కట్టె ఎత్తేసిన చేలు, వేరుశనగ పీకి నెలలు గడిచిన చేలు ఖాళీగా ఉంటాయి. పగలంతా బయట మేసి వచ్చిన గొర్రెలను రాత్రికి అలాంటి చేలో పడుకోబెడితే, తెల్లారేసరికి ఎరువు దానంతటదే నేల మీద పరుచుకుని ఉంటుంది. దీన్నే మంద కట్టించడం అంటాం. వెనకటి రోజుల్లో గొర్రెలకాపరికి జొన్నలో కొర్రలో కొలిచి, రాత్రి సంగటి పెట్టేవాళ్లు. ఇప్పుడు గొర్రెల లెక్కన డబ్బులే.

ఎరువుల అంగడి ఊరూరా వచ్చాక కూడా మా ఇంట్లో ఈ పద్ధతి మానలేదు. కారణం మా నేల. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా ఒకేసారి కుమ్మరించి తర్వాత నెలకు పైగా ముఖం చాటేస్తుంది. ఎర్ర గరప నేల నీళ్లను పట్టి ఉంచదు. మట్టి పరీక్ష కాగితంలో సేంద్రియ కర్బనం అర శాతం కంటే తక్కువైతే 'తక్కువ' అని రాస్తారు. మా చుట్టుపక్కల రైతుల కాగితాల్లో ఎక్కువగా కనిపించే మాట అదే. కర్బనం లేని నేలలో యూరియా వేసినా వానకు కొట్టుకుపోయేది పోగా మిగిలేది కొంచెమే. అక్కడ ముందు నేలకు తిండి పెట్టాలి.

గొర్రె, మేక పెంటికల్లో సుమారు 3 శాతం నత్రజని, 1 శాతం భాస్వరం, 2 శాతం పొటాష్ ఉంటాయని వ్యవసాయ పాఠాల్లో చెబుతారు. మామూలు పశువుల ఎరువు కంటే ఇది బాగా బలమైనది. అయితే దొడ్డిలో ఊడ్చి కుప్ప పోసిన ఎరువుకూ, చేలో మంద కట్టిన ఎరువుకూ తేడా ఉంది. దొడ్డిలో మూత్రం నేలలోకి ఇంకి వృథా అవుతుంది. చేలో అది పడిన చోటే పంటకు పనికొస్తుంది. ఇంకో సంగతి, బండి కట్టి తోలే పని లేదు, చల్లే కూలి లేదు. రెండు మూడెకరాల కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

ఇందులోని పనితనమంతా కదలికలో ఉంది. చూసేవాళ్లకు గొర్రెలు ఊరికే పడుకున్నట్టు కనిపిస్తుంది. మంద కట్టేవాడికి అది లెక్క. పడుకున్న గొర్రెకు గజమున్నర చోటు అనుకుంటే, 300 గొర్రెల మంద రాత్రికి 450 చదరపు గజాలు కప్పుతుంది. ఎకరా 4840 గజాలు కాబట్టి మొత్తం తిరిగిరావడానికి దాదాపు పదకొండు రాత్రులు. ఆ ఖర్చు అందరికీ కుదరదు. అందుకే చేనంతా తిప్పాలని ఆశపడకుండా, ముందటేడు పైరు ఎక్కడ పాలిపోయిందో, ఎక్కడ గుడ్డి గవ్వంత కాయలు వచ్చాయో గుర్తు పెట్టుకుని ఆ చెక్కలకే మంద కట్టిస్తాను. ఏటా ఒక చెక్క. ఇలా నాలుగైదేళ్లలో చేనంతా ఒక చుట్టు తిరుగుతుంది.

మందను ఒకే చోట రెండో రాత్రి నిలపకూడదు. మా చేనికి వచ్చే కురుబ పెద్దాయన ఈ విషయంలో చాలా పట్టుదల మనిషి. నేల మీద పెంటికలు ఇంకా పలుచగా ఉన్నాయి, ఇంకో రాత్రి ఉంచమని ఒకసారి అడిగితే, "భూమి తినేంతే పెట్టల్లప్పా, ఎక్కువైతే చెట్టు పెరుగుతాది, కాయ పట్టదు" అన్నాడు. ఆ మాట వేరుశనగ పండించిన వాళ్లందరికీ తెలిసిందే. నత్రజని ఎక్కువైతే ఆకు గుబురుగా కమ్ముకుంటుంది, అడుగున ఊడలు దిగవు.

ఆయన చేసే ఇంకో పని నాకు ఎంతో ఇష్టం. తెల్లవారుజామున మందను లేపగానే తోలుకుపోడు. గొర్రె నిద్ర లేచి నిలబడగానే మూత్రం పోస్తుంది, పెంటికలు వేస్తుంది. అప్పుడు హడావుడిగా తోలితే అదంతా దారి పాలు. అందుకని లేపి, మంద చుట్టూ కట్టిన వలలోపలే కాసేపు అటూ ఇటూ నడిపించి, తర్వాతే వల విప్పుతాడు. నిజమైన పనివాడిని ఇలాంటి ఓపికలోనే గుర్తుపట్టాలని నేను నమ్ముతాను. ఆ కాసేపటికి ఆయన అదనంగా ఏమీ అడగడు. నేను మాత్రం ఇచ్చేటప్పుడు దాన్ని మరచిపోను.

మంద కదిలాక పని రైతుది. పెంటికలు ఎండలో పడి ఉంటే నత్రజని గాలిలో కలిసిపోతుంది, మిగిలింది చెదలు తింటాయి. పైపైన గుంటక తోలి మట్టిలో కలిపేయాలి, లోతు దున్నక్కర్లేదు. తొలకరికి దగ్గరగా కట్టించిన మందకు ఫలితం ఎక్కువ. వాన పడ్డాక మాత్రం వద్దు. నల్లరేగడిలో తడి మీద మంద నిలిస్తే గిట్టల కింద మట్టి అణిగి గట్టిపడుతుంది. కాపరికీ అది మంచిది కాదు, తడి నేల మీద పడుకున్న గొర్రెల గిట్టలు చెడతాయి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మంద సర్కారు తుమ్మ కాయలు మేసి వస్తే ఆ గింజలు అరగకుండా పెంటికల్లో దిగి, తొలి వానకే మొలుస్తాయి. మొలక లేతగా ఉండగానే పీకేయాలి. వేరు దిగిందంటే గడ్డపారకు కూడా లొంగదు.

చేను సంగతి ఇది. బీడు సంగతి వేరు. ఇక్కడ గొర్రె రావడం కంటే వెళ్లిపోవడం ముఖ్యం. ఫ్రాన్స్‌లో ఆంద్రే వాజాఁ అనే ఆయన పోయిన శతాబ్దం నడుమ ఆవుల మేతను ఏళ్ల తరబడి గమనించి, పచ్చిక పాడయ్యేది పశువుల సంఖ్య వల్ల అనుకుంటాం గానీ అసలు చూడాల్సింది అవి ఎంతసేపు ఉన్నాయి, మళ్లీ ఎప్పుడు వచ్చాయి అన్నదేనని చెప్పాడు. కొరికిన గడ్డి వేరులో దాచుకున్న బలంతో చిగురు వేస్తుంది. ఆ చిగురునే మళ్లీ కొరికితే వేరు చచ్చిపోతుంది. పది గొర్రెలైనా ఏడాది పొడుగునా ఒకే బీడులో ఉంటే గరిక కూడా మిగలదు. జింబాబ్వేకు చెందిన అలన్ సేవరీ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లి, మందలతోనే ఎడారులను వెనక్కి తిప్పవచ్చన్నాడు. అంత పెద్ద మాటను చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు, నేనూ అంతదూరం పోను. మా గట్టు పక్క బీడును తొలకరి నుంచి గడ్డి గింజ రాలేదాకా మూసి ఉంచుతాం. గింజ రాలాక ఒక్కసారి మందను వదిలి, మేసీ మేయకముందే బయటకు తోలేస్తాం. గట్టు మీద నెర్రెలు తగ్గాయి, వాన నీరు కాస్త నిలిచి పోతోంది. ఇది నా కంటితో చూసింది కాబట్టి చెబుతున్నాను.

ఇక మనసుకు కష్టం కలిగించే విషయం. మందలు ఉన్నాయి, వాటికి దారులు లేవు. 2019 పశుగణనలో తెలంగాణలో 190 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 176 లక్షల గొర్రెలు లెక్కతేలాయి. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. తెలంగాణ ప్రభుత్వం 2017లో 75 శాతం రాయితీ మీద కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. గొర్రెలు ఇచ్చినంత శ్రద్ధగా అవి నడిచే దారి గురించి ఆలోచించి ఉంటే బాగుండేది. మా వైపు చేల చుట్టూ ముళ్ల కంచెలు పడ్డాయి. చీనీ తోటలు, దానిమ్మ తోటలు వచ్చాక డ్రిప్పు పైపులు కొరుకుతాయని కాపరిని దగ్గరికి రానివ్వరు. కలుపుమందు కొట్టిన గట్టున మేస్తే గొర్రెలకు ఏమవుతుందోనని కాపరికి భయం. కోసిన జొన్న మోళ్ల నుంచి ఎండకు వాడిన పిలక మేస్తే నాము అనే విషం తగిలి గొర్రె అక్కడికక్కడే పడిపోతుంది. అలాంటి చేను ఎక్కడుందో ముందుగా చెప్పే రైతులు కూడా తగ్గిపోయారు.

మందను అడ్డుకుని, ఆ తర్వాత లారీలో ఎరువు తెప్పించుకునే రైతును చూస్తే నాకు కోపం కంటే బాధే ఎక్కువ కలుగుతుంది. వంక వెంబడి రెండు బండ్ల వెడల్పు దారి వదలడం, మోటారు వేసినప్పుడు తొట్టి నింపి పెట్టడం, మందు కొట్టిన రోజు గట్టున ఒక గుడ్డపీలిక కట్టడం. ఇవి చేయడానికి ఏ పథకమూ అక్కర్లేదు. మా ఊరి రైతులం కొందరం ఈ ఏడాది వంక పక్క కంచెలను లోపలికి జరుపుకున్నాం. పెద్దాయన మందకు చేరువలో ఇంకో రెండు మందల వాళ్లు వస్తామని కబురు పెట్టారు. తూర్పు చెక్కలో ఎవరిది, వంక పక్కన ఎవరిది అన్నది ఇంకా తేలలేదు. తొలకరి లోపు తేల్చుకోవాలి.